ఆపి, మళ్ళీ వెనక్కి

రాత్రి పదకొండున్నర.
చెరువులో ఏరియేటర్లు నీళ్ళు చిలుకుతుంటే
గట్టు మీద మకాం రేకుల కింద
ముత్యాలరావు సారు
నా అరచేతిలో పాఠం చెబుతున్నారు.

నాన్నకి జ్వరం. ఈ వారం రొయ్యల కాపలా నాదే.
కరెంటు పోతే సారుని ఆపి
జనరేటరు దగ్గరికి పరిగెత్తాలి.
తిరిగొచ్చేదాకా ఆయన
నోరు సగం తెరిచి, చెయ్యి గాల్లో పెట్టి
పాపం అలాగే నిలబడతారు.

రెండేళ్ళుగా క్లాసులో
"మళ్ళీ చెప్పండి సార్" అన్న మాట
నా గొంతు దాటి రాలేదు.
ఇక్కడ పదకొండుసార్లు వెనక్కి తిప్పాను.
పదకొండోసారీ విసుక్కోలేదాయన.
హైడ్రాలిక్ జంప్ దగ్గర
వెనకాల వాళ్ళింట్లో కుక్కరు కూసింది,
ఎవరో పాప "నాన్నా, పెన్సిలు" అంది.
ఆ ముక్క కూడా నాకు కంఠతా వచ్చేసింది.

పొద్దున్నే కాలేజీ బస్సులో ఉండి దాటేదాకా
అందరి చెవుల్లోనూ ఆయనే,
ఒకటిన్నర రెట్ల వేగంతో, చీపురుపుల్లంత గొంతుతో.
కొందరి చెవుల్లో పాటలు.
నేను చాడీలు చెప్పను.

క్లాసులో ఆయన పాఠం చెప్పరు.
చివరి బెంచీలో కూచుని
సుద్దముక్క మాకిచ్చి "కానివ్వండి" అంటారు.
అరవై మందిమి దాన్ని
అప్పుడే కాల్చిన తేగలా
ఒకరి చేతిలోంచి ఒకరికి తోసుకున్నాం.

ఏసుపాదం లేచాడు.
"వీడియో చూళ్ళేదండి, డేటా అయిపోయింది."
వాళ్ళ నాన్న లాకు దగ్గర లస్కరు.
బోర్డు మీద తలుపు గీశాడు,
తలుపు కింద దూసుకొచ్చే నీళ్ళు గీశాడు,
నీళ్ళు తమ మీద తామే పడి నురగలు కక్కే చోట
సుద్ద ఆపాడు.
"ఇక్కడ పడిందేదీ తొందరగా బైటికి రాదండి.
మా చిన్నాన్న చెప్పు
మూడ్రోజులు ఇక్కడే తిరిగింది."

నవ్వాం.
వాడు నవ్వలేదు.
అప్పుడు మాకూ ఆగిపోయింది.

తర్వాత లెక్కలో
ఘనం వెయ్యాల్సిన చోట వర్గం వేశాడు.
నేను లేచానని
బోర్డు దాకా వెళ్ళాక గానీ నాకే తెలీదు.
రెండు చెరిపి మూడు వేశాను.
నీళ్ళు పోగొట్టుకున్న శక్తి ఎంతో తేలింది,
దశాంశం తర్వాత రెండంకెల దాకా.

చివరి బెంచీలో ముత్యాలరావు సారు
నోరు సగం తెరిచి, చెయ్యి గాల్లో పెట్టి
అలాగే ఉండిపోయారు,
ఎవరం ఆపకుండానే.

సాయంత్రం బస్సులో
ఒక ఇయర్‌ఫోను వాడికిచ్చాను.
కుక్కరు కూసిన చోట
"ఇదేంటి?" అన్నాడు.
"అది పరీక్షలో రాదులే" అన్నాను.