తరుగు

మార్కెట్ వెనక కోల్డ్ స్టోరేజీ అంటుకున్న రాత్రి
మా గల్లీకి మంట రాలే.
మంటకు ఫైరింజన్లు అడ్డం నిలవడ్డయి.
పొగకు ఎవరు అడ్డం?

కిటికీ సందులకెల్లి, తలుపు కిందికెల్లి,
కూలర్ జాలీలకెల్లి
తేజ, వండర్ హాట్, చపాటా
గ్రేడింగ్ లేకుండ అన్నీ కలిసే వచ్చినయి.
మూడు దినాలు గల్లీ గల్లంత
చావు ఎవరింట్లనో తెల్వకుండనే ఏడ్సింది.

పదకొండోనాడు సర్వేయర్ సారు వచ్చిండు
హన్మకొండ నుంచి, స్కూటీ మీద, మూతికి మాస్కు.
"ఏమేం కాలినయమ్మా?"
ఏం గాలలే సారు.
"మరి క్లెయిము దేనికి?"

సంఘం లోను ఇచ్చిన్నాడు
బ్యాంకోళ్లు కాయితాల నడుమ వెట్టి
సంతకం చేయించుకున్న పాలసీ అది.
ఏడాదికి ఏడువందల ముప్పై.
ఇంటర్ చదివే మా రవళి
పదమూడో పేజీల చీమల తలకాయలంత అక్షరాలల్ల
దొరకవట్టి, తెలుగు చేసి చెప్పింది:
అగ్ని వలన గాని, దాని పొగ వలన గాని.
ఆ రెండో "గాని" మీదనే
ఇయ్యాల మా ఇల్లు నిలవడి ఉన్నది.

రాసుకోండ్రి సారు.
పరుపులు రెండు. ఎండకేస్తే వాసన లేచి కూసుంటది.
బియ్యం యాబై కిలోలు. ఎన్ని నీళ్లు వంచినా అదే ఘాటు,
కడుగు తాగబోయి పక్కింటి బర్రె మూతి తిప్పుకున్నది.
రవళి కాలేజీ బట్టలు. బస్సుల దాని పక్క సీటు ఖాళీ.
టీవీ నడుస్తది, నడవదని అబద్ధమాడ.
కాకుంటే వార్తలు చదివే ఆమె మొఖం మీద
పొద్దుగాల్ల గూడ పొద్దుగూకి ఉంటది.
సగం కుట్టిన జాకెట్లు నాలుగు.
"అవి పరాయోళ్లవి గదమ్మా, పాలసీల రావు."
ఆ పరాయోళ్లు వచ్చి అడిగేది నన్నే గద సారు.

ఆయన రుమాలుతోని గోడ తుడిచి చూసిండు.
"కడిగితే పోతది."
ప్రతి సామానుకు ఒకటే అడుగుడు,
ఎప్పుడు కొన్నరు, రసీదు ఉన్నదా.
పరుపుకు ఆరేండ్లు. టీవీకి ఎనిమిది. మిషన్ నా పెండ్లికి ముందుది.
నేను ఏండ్లు చెప్పిన కొద్దీ
కాయితం మీద అంకె కిందికి దిగుతున్నది.
"దీన్ని తరుగుదల అంటరమ్మా."

గడప కాడ కూసున్న మా ఆయన కొమురెల్లి
అప్పటిదాక నోరు మెదపలే.
ఇరవై రెండేండ్ల సంది ఏనుమాములల హమాలీ.
తరుగు అనంగనే తలెత్తిండు.
తేమ పేరు మీద, తాలు పేరు మీద, మట్టి పేరు మీద
క్వింటాలుకు ఇన్ని కిలోలని రైతు ముంగటనే కోస్తుంటే
ఆయన భుజం మీది బస్తా ఇన్నేండ్లు వినుకుంటనే ఉన్నది.
"సారు," అన్నడు,
"కాంట మీద వెట్టకుండనే తరుగు తీస్తరా?"

సారు నవ్వలే.
బీరువా తెరువుమన్నడు.
అడుగు అర్రల మా అత్త నేసిన కొత్తవాడ జంఖానా.
ఎర్ర పట్టెలు నల్లవడ్డయి.
ఒక్క మడత విప్పిన, అంతే.
మాస్కు ఎటు వోయిందో, ఒకటి, రెండు, నాలుగు,
రవళి వేళ్ల మీద లెక్క వెట్టింది, తొమ్మిది తుమ్ములు.
కండ్లల్ల నీళ్లు, ముక్కుల నీళ్లు,
పెన్ను మంచం కిందికి దొర్లింది.
చెంబు అందిచ్చుకుంట అన్న,
రాసుకోండ్రి సారు.

రాసిండు. ఏం రాసిండో చూపెట్టలే.
జంఖానాకు మాత్రం గీత గీసిండు,
రసీదు లేదని.
అత్త నేసింది గని రసీదు ఎన్నడిచ్చింది?

ఎంతొస్తదో, ఎప్పుడొస్తదో.
అంగీ నిండ మా గల్లీని పట్టుకోని
ఆయన స్కూటీ ఎక్కిండు.
రాత్రి హన్మకొండల, ఇంట్ల అడుగువెట్టంగనే
ఎవరో ఒకరు అడిగే ఉంటరు,
ఏం గాలింది, అని.