గీత

మా ఊరి పేరు వూచ్. మా పోలిష్‌లో పడవ అని అర్థం.
పడవ ఉంది, నది కనబడదు.
మిల్లుల కాలంలో నదుల్ని గొట్టాల్లోకి తోసి
పైన వీధులు పరిచారు.
కనబడనంత మాత్రాన అవి పారడం మానలేదు.

రాత్రి రెండున్నర.
గులాబీ ద్రవం కింద ఒత్తుగా అల్లుకున్న కణాల మీద
పిపెట్ కొనతో ఒక గీత గీశాను,
పాపిడి తీసినట్టు.
ఎడమ పళ్లెంలోవి గర్భసంచి లోపలి పొర నుంచి.
కుడి పళ్లెంలోవి అండాశయం వెనక
సర్జన్ కత్తిరించి పంపిన ముక్క నుంచి.
రెండూ ఒకే మనిషివి.
సీసా మీద పేరుండదు. నలభై ఏడు.
ఖాళీ చేసిన ఆ సన్నటి బాటను
ఎవరు ముందు దాటతారో చూడాలి.

నలభై ఏడు ఎవరో నాకు తెలీదు, తెలుసుకోకూడదు.
అయినా ట్రామ్‌లో
ఒక చెయ్యి పొత్తికడుపు మీద, ఒక చెయ్యి కమ్మీ మీద పెట్టి
నిలబడ్డ ప్రతి మనిషినీ చూస్తాను.

నెలనెలా కొంత నెత్తురు వెనక్కి మళ్లుతుంది.
చాలామందిలో మళ్లుతుంది, వింతేం కాదు.
కొట్టుకొచ్చిన కణం, కాలికింద పట్టు దొరక్కపోతే
తనంతట తను ఆరిపోవాలి.
అది కణానికి పుట్టుకతో వచ్చిన మర్యాద.
కొన్ని ఆరవు.
ఎందుకంటే, మా ల్యాబులో ఐదుగురం,
మా దగ్గర జవాబులు ఆరు.
ప్రొజెస్టిరాన్ వచ్చి ఇక చాలంటే
విన్నట్టే ఉండి వినవు.
ఊడ్చిపోయడానికొచ్చిన కాపలా కణాలు
చీపురు మూలన పడేసి
వాటికే నెత్తుటి దారులు వేసి పెడతాయి.
కంచే చేను మేసిందనే మాట చాలదిక్కడ.
ఈ కంచె కలుపుకు నీళ్లు పెడుతోంది.

శత్రువులు అని నోటుబుక్కులో రాయబోయి కొట్టేశాను.
పుండు మానాలంటే కణం నడవాలి.
నెలకోసారి పచ్చిపుండయ్యే గోడను
మచ్చయినా మిగల్చకుండా మాన్పే పనితనం వీటిది.
చోటు మారింది. పని మరిచిపోలేదు.

అమ్మమ్మ గెనొవెఫా నూలు మిల్లులో వడికేది.
తెగిన పోగును
మిషను ఆపకుండా వేలికొసలతో కలిపేసేది.
నెలలో రెండు రోజులు మాత్రం
బాబిన్ల పెట్టె మీద మడతకత్తిలా ముడుచుకుని కూచునేది.
పెళ్లయిన పదకొండేళ్లకు ఒకే కాన్పు, మా అమ్మ.
మిల్లు డాక్టరు నాడి చూసి
కార్డు మీద ఒక్క ముక్క రాశాడు:
నరాలు.
ఆ మాటకి షిఫ్టు షిఫ్టంతా నవ్విందట.
అమ్మమ్మ కూడా నవ్విందట, అదే నాకు కష్టంగా ఉంటుంది.

పోయిన శీతాకాలం
నలభై ఏడు ముక్కనే పల్చగా కోసి, రంగు పట్టించి
చీకటి గదిలో దీపం కింద పెట్టాను.
పచ్చగా వెలిగాయి పోగులు,
నూలు కంటే సన్నం.
ఎక్కడినుంచో దారి వెతుక్కుంటూ వచ్చి
ఆ గడ్డలోకి దూరుతున్నాయి.
ఒకటి కాదు, లెక్కపెడుతూ ఆగిపోయాను.
నరాలు.
డాక్టరుగారూ, మీరు రాసింది నిజమే.
కాకపోతే కార్డు మూసేశారు.

ఐదు దాటింది. కెమెరా పావుగంటకోసారి టిక్కుమంటోంది.
నా కోటు కింద వేడినీళ్ల సంచి ఉంది,
అది ప్రయోగంలో భాగం కాదు.
రెండు గట్ల నుంచీ ఒక్కో కణం
పాదం చాచి, వెనక్కి లాగి, మళ్లీ చాచి
మధ్యకొస్తోంది.

ఏడింటికి కొలిచాను. కుడి గెలుస్తుందనుకున్నాను.
రెండూ దాదాపు సమానం.
ఇంకు ఆరేదాకా ఆ అంకెల్నే చూశాను.
కింద వీధిలో మొదటి ట్రామ్,
దానికింద గొట్టంలో నది.

కొత్త పళ్లెం తీశాను.
మళ్లీ గీయాలి.