మెడ దగ్గర వదులు

బొంజుబాబు బండి తెచ్చి
ఐస్ ఫ్యాక్టరీ గోడ పక్కన స్టాండేసి
"ఊరంతా కనపడేలా పెట్టు గురూ" అన్నాడు.
"ఊరు నీకు కనపడాలా, నువ్వు ఊరికి కనపడాలా?"
తేల్చుకోలేక రెండు టీలు చెప్పాడు.

నేను పడవలకు తీగలు లాగేవాణ్ణి.
ఫిషింగ్ హార్బర్లో నా చెయ్యి పడని వీల్‌హౌసులు తక్కువ.
బండి పని కొత్త. ఉప్పు మాత్రం పాతదే.
ఉప్పు తిన్న మనిషి విశ్వాసంగా ఉంటాడంటారు;
ఉప్పు తిన్న రాగి
తొడుగు లోపల గుట్టుగా చిలుము కట్టి
ఓ వాన రాత్రి చెప్పకుండా చేతులెత్తేస్తుంది.
అందుకే పడవకు వాడే కళాయి తీగే తీశాను.

సీటు ఎత్తితే
ముందటి మెకానిక్ ఎవడో హారన్ తీగకు తీగ మెలేసి
పుండుకు కట్టుకట్టినట్టు టేపు చుట్టి పోయాడు.
విప్పితే జిగురు, జిగురు కింద ఇసుక.
బొంజుబాబు చూపు తిప్పుకున్నాడు,
తన బనీను చిరుగు నేను చూసేసినట్టు.

అగ్గిపెట్టెంత నల్ల డబ్బా. రిలే.
ముప్ఫైకి బ్యాటరీ, మధ్యలో ఫ్యూజు.
ఎనభై ఏడుకి దీపాలు. ఎనభై ఐదు ఎర్తుకి.
ఎనభై ఆరుకి బొటనవేలి కింది మీట.
"ఇన్ని అంకెలేటి గురూ, తిన్నగా కలిపీలేవా?"
"మీట కాలిపోద్ది.
పిలిచేవాడు వేరు, మోసేవాడు వేరు."
ఇంకేం అడగలేదు.
వారానికి నాలుగు రాత్రులు పాడేరులో ఎవరో ఫోను ఎత్తుతారు,
ఐసు డబ్బాలో రక్తం సీసాలు కట్టుకుని
అతను ఘాటు దిగుతాడు.

హ్యాండిల్ ఈ చివరికి తిప్పించాను, ఆ చివరికి తిప్పించాను.
మెడ దగ్గర నాలుగు వేళ్ల వదులు ఉంచి కట్టు బిగించాను.
"బిర్రుగా లాగితే అందంగా ఉంటాది కదా."
ఉంటుంది,
మొదటి మలుపు దాకా.

పూర్ణా మార్కెట్లో తెల్లవి కొనుక్కొచ్చాడు, బేరమాడి మరీ.
మంచులో తెల్ల వెలుగు
అరిచిన వాడి మీదికే అరుపులా తిరిగొస్తుంది.
"నాకు చెప్తావేటి మంచు సంగతి,
పుట్టిందే అందులో" అన్నాడు,
అని, కాసేపాగి,
"నిజమే, పోయినేడు ఓ మలుపులో
నా వెలుగే నాకడ్డొచ్చింది" అన్నాడు.
పసుపు తొడుగులు యాభై రూపాయలు.
బిల్లులో రాయలేదు.

ఇరవై అయిదడుగులు వెనక్కి జరిపి
గోడ మీద సుద్దతో గీత గీశాను,
దీపం ఎత్తుకి నాలుగు వేళ్లు కిందకి.
వెలుగు ఆ గీత దాటకూడదు.
"ఇంకాస్త పైకెత్తు గురూ, డబ్బులిచ్చి కొన్నాను."
"ఎదురొచ్చేవాడిదీ అదే ఘాటు.
వాడి పక్కనా లోయే."
ఈ మాట నాకు నేనే నచ్చాను.
ఇంకోసారి అన్నాను కూడా.

చీకటి పడ్డాక, జెట్టీ చివర,
బండిని సముద్రం వైపు తిప్పాం.
వేలు నొక్కాడు. సీటు కింద టిక్.
నీళ్ల మీద రెండు పసుపు చాపలు పరుచుకున్నాయి.
డాల్ఫిన్ నోస్ మీది లైట్‌హౌసు
మమ్మల్ని పట్టించుకోకుండా తన చుట్టు తిరిగి వెళ్లింది.
అప్పుడు, దూరంగా, లోపలికొస్తున్న పడవేదో
మూడుసార్లు వెలిగి ఆరింది.

"ఏటంటాడు?" అన్నాడు బొంజుబాబు.
పడవల మనిషిని కదా, నాకు తెలియాలి.
దారి అడుగుతున్నాడో, తిడుతున్నాడో.
"ఆర్పమంటున్నాడు" అన్నాను.
టిక్.

డీజిలు వాసన, ఎండుచేపల వాసన,
అతని ఫోను జేబులోనే ఉందా అని తడుముకునే చప్పుడు.
పడవ దగ్గరికొచ్చింది.
దాని దీపం తిన్నగా కళ్లల్లో పడితే
చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.
"ఎవడు పెట్టాడు గురూ, అంత ఎత్తుగా?"

నిరుడు వినాయకచవితి ముందు.
నేనే.