పోలిక కాదండి

ఎనిమిదిన్నర పంటు తప్పిపోయింది.
నర్సాపురం రేవులో నిలబడి
మనసులోనే పాఠం సర్దుకున్నాను.
పదో తరగతి, బి సెక్షన్, ఫిగర్స్ ఆఫ్ స్పీచ్.
రెండు పీరియడ్లు, నాలుగు మార్కులు.

సఖినేటిపల్లి చేరేసరికి చీర అంచంతా తడి.
నల్లబల్ల మీద రాశాను: సిమిలీ.
లైక్ అన్నా యాజ్ అన్నా మన ‘లాగా’నే.
గైడులో ఉన్న ఉదాహరణే చెప్పాను,
మంచులాంటి తెల్లని చేతులు.
మంచు ఎవరైనా చూశారా?
ఐసు చూశామండి, అంది వెనక బెంచీ మొత్తం.
రొయ్యల లారీలోకి గమేళాలతో ఎత్తిపోస్తామండి సెలవల్లో,
చేతులు తెల్లబడవండి,
ఎర్రబడి పగుల్తాయి.

సరే, గైడు మూసేశాను.
మీ ఇళ్ళ నుంచి చెప్పండి.

మా తాత గురక చెరువులో ఏరియేటర్ లాగుంటదండి,
అన్నాడు బర్రె కరుణకుమార్.
క్లాసు నవ్వింది, నేనూ నవ్వాను.
వాడు మాత్రం నవ్వలేదు.
రాత్రి ఠక్కున ఆగితే భయమేస్తదండి,
రెండూ.

చెయ్యి ఎత్తకుండానే లేచింది శేషవేణి,
కొల్లాటి వారి పిల్ల, రోజూ మూడో బెంచీలో
గోడవైపు ముడుచుకుని కూర్చునేది.
మా ఇల్లు నావండి.
భేష్ అన్నాను. చూశారా,
‘లాగా’ తీసేసింది, ఇదే మెటఫర్,
ఇంటికీ నావకీ మధ్య గోడ కూలిపోయింది.
పెద్ద అక్షరాలతో రాశాను.
పిల్ల కూర్చోలేదు.
పోలిక కాదండి.
మాది లంకండి. వరదొచ్చిన రాత్రి
మా నాయన తలుపులు రెండూ ఊడదీసి
అరటి బోదెల మీద కట్టి
మమ్మల్నీ మేకనీ గ్యాస్ బండనీ ఎక్కించాడండి.
గడియ ఇంకా దానికే ఉందండి,
అది పట్టుకునే కూర్చున్నాను నేను.

చాక్‌పీసు చేతిలో ఉండిపోయింది.
దీన్ని ఏ గడిలో రాయాలో
బీఈడీలో ఎవరూ చెప్పలేదు.

తర్వాత పాఠం నా చేతిలో లేదు.
గోదారమ్మ శాంతించిందని టీవీలో అంటారు కదా,
అది పర్సనిఫికేషన్ అన్నాను.
శాంతించడమేంటండి, నీళ్ళు తగ్గాయంతే,
అసలు మా మీద కోపమెందుకండి ఆవిడకి?
చుట్టూ ఏరు పెట్టుకుని
తాగే నీళ్ళు టిన్నుల్లో కొంటారే, అది ఐరనీ అన్నాను.
ముందు బెంచీ కుర్రాడు బుద్ధిగా రాసుకున్నాడు:
ఐరనీ అనగా వాటర్ టిన్ను.
దిద్దడానికి వంగి
దిద్దకుండా లేచాను.

గంట కొట్టడానికి ఇంకా ఐదు నిమిషాలు.
అతిశయోక్తికి ఊరందరికీ తెలిసిన సామెత తీశాను,
పుస్తెలమ్మైనా పులస తినాలి.
అందరూ గొల్లున నవ్వారు.
ఆ నవ్వుల కింద నుంచి ఎవరో,
మొహం చూడలేదు, చూడదలుచుకోలేదు,
మా అమ్మవి అమ్మేశామండి, అన్నారు.
పులసకి కాదండి. మేతకి.
చెరువుకి తెల్లమచ్చ కొట్టింది.

అలిటరేషన్ రేపు చెప్తానన్నాను.

సాయంత్రం పంటు మీద
రెండు మోటారు సైకిళ్ళ మధ్య ఇరుక్కుని
యూనిట్ టెస్టు పేపర్లు ముందేసుకున్నాను.
‘మెటఫర్‌ను సోదాహరణముగా వివరింపుము.’
శేషవేణి ఒక్క వాక్యమే రాసింది, ఇంగ్లీషులో,
క్రియ తప్పు, స్పెల్లింగు తప్పు:
తలుపు తియ్యకపోతే మేము లేము.
రెండు మార్కులకి రెండూ వేశాను.
కాసేపాగి, వేసిన చోటే పెన్ను పెట్టి
చుక్క పడేదాకా ఉంచాను.

వశిష్ట మీద ఎర్రటి ఎండ పడుతోంది.
దేనితోనో ఒకదానితో పోల్చాలని
అలవాటుగా నాలుక కదిలింది.
ఇవతలి గట్టు దగ్గర నీళ్ళు మట్టి రంగు,
డీజిల్ తెట్టు, ఒక చెప్పు.

రేపు పోటుందండి మేడంగారూ,
ఎనిమిదిన్నరది ఉండదు, ఏడింటికే వచ్చెయ్యండి,
అన్నాడు టిక్కెట్ల కుర్రాడు.

ఆయ్, అన్నాను.
విశాఖ హాస్టల్లో నవ్వారని
పదకొండేళ్ళ కిందట మానేసిన మాట.