వెనక రాసి ఉంటుంది

సాల్వడార్‌లో, దిగువ బజారు మెట్ల పక్కన
ముసలి జురండీర్ రిపేరు కొట్టు.
ఆయనకు చత్వారం. చదివేది నేను.
ఏ వస్తువొచ్చినా ముందు బోర్లా పడుకోబెట్టి
వెనకున్న రేకు వెతకాలి.
జిడ్డు పట్టి, అంకెలు అరిగి ఉంటాయి.
నిమ్మచెక్కతో రుద్ది, దీపం కింద ఏటవాలుగా పట్టుకుని
గట్టిగా చదువుతాను: నూట ఇరవై ఏడు వోల్టులు.
"మన ఊరిదే," అంటాడు.
అప్పుడు తీస్తాడు స్క్రూడ్రైవరు.

మొన్న మంగళవారం, జోరువానలో
ఒకామె ఇస్త్రీపెట్టె తెచ్చింది
తువ్వాల్లో చుట్టి, చంకనేసుకుని.
పేరు మర్లూసి. రెసీఫి నుంచి వచ్చి నెలైంది.
పెళ్ళి గౌన్లు కుడుతుంది.
"అక్కడ పదకొండేళ్ళు బంగారంలా పనిచేసింది.
ఇక్కడ పట్టు మీద ముడత కూడా పోదు.
నాకు పనే రాదంటోంది షాపు ఓనరమ్మ.
వినీ వినీ నాకూ అనుమానమే."

బోర్లించాను. రుద్దాను.
రెండు వందల ఇరవై.
ముసలాయన స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

"అమ్మా, దేశం ఒకటే, జెండా ఒకటే,
గోడకు కన్నాలూ అవే మూడు.
లోపల్నుంచి తోసే బలం మాత్రం
మీ ఊళ్ళో వేరు, మా ఊళ్ళో వేరు."
సుద్దముక్కతో బల్ల మీద లెక్క వేశాడు.
తోపు తగ్గితే పారేదీ తగ్గుతుంది,
రెండు తరుగులూ ఒకదాన్నొకటి హెచ్చవేసుకుంటాయి.
వెయ్యి వాట్ల పెట్టె
మూడు వందల ముప్ఫై దగ్గర కునికిపాట్లు పడుతోంది.
"అయితే చెడిపోలేదా?"
"దానికేం రోగం?"

ఆమె తువ్వాలు మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.
మనుషులూ ఇంతే కదా అని
నేనేదో పెద్ద మాట అనబోయాను.
"నోరు ముయ్," అన్నాడు. "మనుషులకు రేకుండదు."

అటక మీద ఎవనీల్డు మిక్సీ ఉంది చూడండి,
ఇక్కణ్ణించి రెసీఫి పట్టుకెళ్ళాడు, తమ్ముడి గృహప్రవేశానికి.
మూడు క్షణాలు విమానంలా అరిచింది.
ఇంకా తారు కంపు కొడుతుంది.
ఇస్త్రీపెట్టెలు తక్కువ పడితే అలుగుతాయి, అంతే.
ఫ్రిజ్జులు అలా కాదు,
లేవలేక, కూర్చోలేక, మూలిగి మూలిగి మాడతాయి.
నా ఫోను చార్జరొక్కటే గడుసుది:
వంద నుంచి రెండు వందల నలభై దాకా అని రాసుకుంది,
ఏ ఇంట్లో పెట్టినా తింటుంది.

సాయంత్రం వాన వెలిశాక వాళ్ళ షాపుకెళ్ళాం.
మీటరు పెట్టె తెరిచాడు.
ఒక్కో వైరూ నూట ఇరవై ఏడే.
రెండు వైర్ల మధ్య టెస్టరు పెడితే
ముల్లు గెంతి రెండు వందల ఇరవై మీద నిలబడింది.
నెల రోజులుగా ఆమె తల మీదే, మూత వెనకాలే ఉంది అది.

కొత్త సాకెట్టు, దానికి విడిగా ఒక బ్రేకరు.
ఎర్ర స్టిక్కర్లు అయిపోయాయి.
మర్లూసి తన గోళ్ళరంగు సీసా ఇచ్చింది,
గోడ మీద 220 అని రాశాను, కాస్త వంకరగా.
పెట్టె వేడెక్కింది.
ఆమె ముందు ఆ తువ్వాలే ఇస్త్రీ చేసింది,
తడి ఆవిరి, సబ్బు వాసన.

చల్లటి గది నుంచి ఓనరమ్మ వచ్చింది,
చేతిలో టేబుల్ ఫ్యాను,
ఖాళీగా కనబడ్డ కొత్త కన్నాల్లో గుచ్చబోయింది.
మర్లూసి చెయ్యి అడ్డం పెట్టింది.
"ముందు వెనక చదవండి."