గజంబద్ద

అద్లా సల్లూమ్ గారి చెక్కపెట్టెలో
నల్ల గౌను కింద, గుర్రపు వెంట్రుకల విగ్గు కింద
ఒక గజంబద్ద ఉండేది.
ఒక కొసన ఇత్తడి తొడుగు ఊడిపోయింది.
నేను ఆవిడ దగ్గర టైపు కొట్టిన పదకొండేళ్లలో
అది కోర్టుకు వచ్చింది ఒక్కసారే.

వాళ్లమ్మది.
హోమ్స్ దగ్గరి కొండల్లోంచి వచ్చి సిడ్నీలో ఓడ దిగి
పేరడిగితే ఊరి పేరు చెప్పి
ఊరడిగితే దేవుడి పేరు చెప్పి
చివరికి రేవు గుమస్తా ఏం రాసుకుంటే అదే అయిన మనిషి.
వీపున మూట: బొత్తాలు, లేసులు, సూదులు, దువ్వెనలు.
ఒక గొర్రెల దొడ్డికీ ఇంకో దొడ్డికీ నడుమ
పాతిక మైళ్ల ఎర్రమట్టి, ఈగలు.
చదువు రాదు. ఎవరెంత బాకీయో
శాలువా అంచుకు ముడులేసుకునేది.
"నేను చదివిన మొదటి దస్తావేజు ఆ శాలువాయే"
అనేవారు అద్లా గారు, నవ్వకుండా.

కోర్టులో మొదటిరోజు బంట్రోతు అన్నాడట,
సామాన్లమ్మేవాళ్లు వెనక గుమ్మానికి పొమ్మని.
ఆవిడ వెనక గుమ్మంలోంచే వెళ్లారు.
వెళ్లి ముందు వరసలో కూర్చున్నారు.
ఆడ లాయరుకు గది లేదు గనక
ఆరేళ్లు బొగ్గుల కొట్లో గౌను తొడుక్కున్నారు.

బద్ద సంగతి కదా చెబుతున్నాను.
దీబ్ అని ముసలి మూటవ్యాపారి,
కొలత తక్కువిస్తున్నాడని ఊళ్లో కొట్టువాడి ఫిర్యాదు.
ఆవిడ తల్లి బద్ద తీసి దీబ్ బద్ద పక్కన పెట్టారు.
సరికి సరి.
మెజిస్ట్రేటును అడిగి, కొట్టువాడి బద్ద తెప్పించి పెట్టారు.
వేలి మందం పొట్టి.
గదిలో ఒక్క ఈగ మాట్లాడింది.

అయినా ఓడిపోయాం.
సర్కారు ముద్ర లేని కొలత చెల్లదట.
మూడింట్లో ముద్ర ఉన్నది ఆ పొట్టిదానికే.
రెండు పౌన్ల జరిమానా.
దీబ్ నోరెత్తలేదు, టోపీ సర్దుకుని
ఆవిడ ఫీజు కింద డజను ముత్యపు బొత్తాలు
బల్ల మీద లెక్కపెట్టాడు.
ఒకటి ఎక్కువే పెట్టాడు.

తిరుగు రైల్లో ఆవిడ కిటికీ బయటకే చూశారు.
చూస్తూ చూస్తూ గౌను అంచు పట్టుకుని
ఒక ముడి వేశారు, గట్టిగా, పళ్లతో లాగి.

పోయిన నెల ఆ గౌను నా చేతికొచ్చింది.
అంచు పొడవునా ముడులు.
కొన్ని విప్పి ఉన్నాయి, ముడత మాత్రం పోలేదు.
విప్పనివే ఎక్కువ.
ఇస్త్రీ చేద్దామని పెట్టె వేడిచేశాను,
చల్లారనిచ్చాను.
ఏ ముడి ఎవరి బాకీయో
నాకు చదవడం రాదు.