ఎడమవి నూట పన్నెండు

తెల్లెర్వో ఇంటి ఆవిరిస్నానాల గదిలో
పదకొండేళ్లుగా ఎవరికీ చెమట పట్టలేదు.
పై బల్ల మీద, కింది బల్ల మీద,
ఆఖరికి రాళ్లపొయ్యి మీద కూడా
చేతితొడుగులు.
అన్నీ ఒంటివే. జత ఒక్కటీ లేదు.

నేను పాత సామాన్ల దుకాణం వ్యాను తోలుతాను.
ఇల్లు ఖాళీ చేసేవాళ్లు పిలిస్తే వెళ్తాను.
బీరువాలు మోస్తాను, పరుపులు చుడతాను,
ఏడ్చేవాళ్లు ఏడుస్తుంటే గోడగడియారం వైపు చూస్తాను.
ఈవిడ దగ్గరికి రావడం ఇది ఐదోసారి.
మొదటిసారి విరిగిన స్కీ కర్రలిచ్చింది.
రెండోసారి కాఫీ ఇచ్చింది.
ఆ తర్వాత రెండుసార్లూ కాఫీయే.

కువోపియో ఊళ్లో నాలుగో నంబరు బస్సు,
ముప్ఫై ఒక్క చలికాలాలు నడిపింది.
చిల్లర లెక్కపెట్టాలని జనం ఒక చేతిది విప్పుతారు,
ఒళ్లో పెట్టుకుంటారు,
స్టాపు రాగానే లేస్తారు.
అంతే.
డిపోలో మూడు నెలలుంచి పారెయ్యమని రూలు.
"పారెయ్యడానికి చేతులు రాలేదు" అంది.

ప్రతిదాని లోపలా మడిచిన చీటీ:
తేదీ, స్టాపు, ఆ పూట చలి.
'స్కూలు. మైనస్ పన్నెండు. బొటనవేలు నమిలి ఉంది.'
'మార్కెట్టు. మంచువాన. జిగురు మరకలు, వడ్రంగి కావచ్చు.'
'ఆసుపత్రి. మైనస్ ముప్ఫై మూడు.
ఎక్కింది ఇద్దరు. తిరుగు ట్రిప్పులో ఒకరు.'
కొన్ని చీటీల మీద చలి మాత్రమే ఉంది,
మనిషి లేడు.

ఫిబ్రవరి ఒకటికి తాళాలు అప్పజెప్పాలి.
వెళ్లబోయే చోట ఒక గది, ఒక కిటికీ,
మంచం పక్కన నర్సుని పిలిచే గంట.

ఎడమవి నూట పన్నెండు. కుడివి రెండు వందల ఆరు.
"డబ్బులిచ్చే చెయ్యే కదా పోగొట్టుకునేది" అంది.
"పోనీ దగ్గర దగ్గరగా ఉన్నవి జతచేస్తే?
ఎవరో ఒకరు తొడుక్కుంటారు" అన్నాను.
అప్పుడు నన్ను చూసిన చూపు
చిల్లర లేకుండా బస్సెక్కినవాణ్ణి చూసే చూపు.

నాకో ఉపాయం తట్టింది.
ముదురు నీలం ఉన్నిది ఒకటి తీశాను,
మణికట్టు దగ్గర రెండు తెల్లగీతలు.
"ఇది నాదే. చిన్నప్పుడు మీ బస్సులో పోయింది.
మా అమ్మ తిట్టింది."
పోయిన మాట నిజం. తిట్టిన మాట నిజం.
ఒక్కటి గుమ్మం దాటితే
మిగతావి వాటంతటవే దారిపడతాయని నా ఆశ.

నుదుటి మీంచి కళ్లజోడు దించి చీటీ చదివింది.
"డెబ్బై తొమ్మిది. అప్పటికి పుట్టావా?"
పుట్టలేదు.
"నీది ఏ రంగు?"
నోరు తెరిచి ఊరుకున్నాను.
తిట్లు ముక్క పొల్లుపోకుండా గుర్తున్నాయి,
రంగు లేదు.

మూడున్నరకే చీకటి పడింది.
సరస్సు మీద మంచు ఎక్కడో చిట్లింది,
కింది వాటాలో ఎవరో తలుపు వేసుకున్నట్టు.
నా చేతులు పట్టుకుని దీపం కిందికి లాగింది.
తాళ్లు ఒరుసుకుని పగిలిన చేతులు.
చాలాసేపు వెతికింది. గొణుక్కుంది. మళ్లీ వెతికింది.
ఎడమకి బూడిదరంగు తోలుది.
కుడికి ఎర్రది, ఏ అమ్మమ్మో అల్లింది,
చూపుడువేలి దగ్గర ఒక కుట్టు జారింది.

"ఇచ్చేశాననుకునేవు. అరువు."
కొత్త చీటీ చింపింది.
మైనస్ పద్దెనిమిది, అని రాసింది.
పేరడిగింది. ఉర్పో, అన్నాను.
ఇంటిపేరు కూడా అడిగింది.
"గురువారం రా. కాఫీ ఉంటుంది."

వ్యాను ఖాళీగా పల్లం దిగుతోంది.
స్టీరింగు మీద
ఒకదానికొకటి పరిచయం లేని రెండు చేతులు.
నాలుగో నంబరు స్టాపులో ఎవరో చెయ్యెత్తారు,
ఆ మంచులో బస్సనుకున్నారేమో.
నేనూ ఎత్తాను.
ఎర్రది.